నీకేం కాదప్పా

ఓబులేష్‌కు ముప్పై ఎనిమిదేళ్లు వచ్చినా పెళ్లి కాలేదు. కోడుమూరులో మగ్గం నేసే ఇళ్లలో అది వింతేమీ కాదు. బెంగళూరులో వాచ్‌మన్‌గా ఉన్నవాడికైనా పిల్లనిస్తున్నారు గానీ, సొంత ఇల్లూ సొంత మగ్గమూ ఉన్నవాడికి ఇవ్వడం లేదు. అక్క నాగక్క కొన్నేళ్లు సంబంధాల కోసం తిరిగి తిరిగి విసిగిపోయింది. ఓబులేష్ కూడా ఆ మాట ఎత్తడం మానేశాడు.

ఇంట్లో అతనూ, తండ్రి రామలింగప్పా ఇద్దరే ఉండేవాళ్లు. తల్లి ఓబులేష్ చిన్నప్పుడే పోయింది. అప్పటినుంచి అతన్ని సాకింది నాగక్కే. ఆమెను పక్క వీధిలోనే ఇచ్చారు గనుక పెళ్లయ్యాక కూడా రోజూ వచ్చి పోతుండేది.

వాళ్లు నేసేది కుట్టంచు చీరలు. ఒడలంతా నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోట పోగుకు పోగు మెలేసి కలపాలి. అందుకే ఆ చీర ఒక్కడి చేత అయ్యేది కాదు, మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఆ రెండో మనిషి ఎప్పుడూ రామలింగప్పే. కళ్లలో నీటికాసులు ముదిరి ఆయన చూపు మసకబారింది. పోగులు తప్పడం మొదలయ్యాక ఆయనే ఒకరోజు మగ్గం గుంతలోంచి లేచి, ఇంక నా వల్ల కాదురా, ఇంకెవరినన్నా చూసుకో అన్నాడు. అలా వచ్చింది రాజేశ్వరి.

ఆమెది నందికొట్కూరు. భర్త లారీ డ్రైవరు. జబ్బు చేసి పోయాడని చెప్పింది, ఏం జబ్బని ఎవరూ అడగలేదు. ఒక్కతే కూతురు హర్షిణి, ఆత్మకూరులో హాస్టలు ఉన్న ఆడపిల్లల బడిలో చదువుతోంది. రాజేశ్వరి అంతకుముందు ఒక పెద్ద షెడ్డులో అంచు పనికి కూర్చునేది. ఆ షెడ్డు మూతపడటంతో ఓబులేష్ ఇంటికి వచ్చింది. రెండు వీధుల అవతల కృష్ణవేణమ్మ అనే ఆమె ఇంటి వెనక ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. నెలకోసారి కర్నూలుకు పోవాలని ముందే చెప్పింది. కూతురి పనేమోలే అనుకున్నారు.

పని బాగా వచ్చు ఆమెకు. మాట తక్కువ. కానీ రామలింగప్పతో మాత్రం చాలా మాట్లాడేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆయనకు పేపరు చదివి వినిపించేది. కళ్లలో చుక్కల మందు వేసే వేళ గుర్తు పెట్టుకుని మగ్గం దిగి వచ్చి వేసేది. ఆయన ఆమెను రాజమ్మా అని పిలిచేవాడు. ఆ పిలుపు ఇంట్లోకి రావడంతో ఆ ఇంటి గొంతే మారిపోయినట్టు అనిపించేది ఓబులేష్‌కు.

పొద్దున్నించి సాయంత్రం దాకా ఇద్దరు మనుషులు ఒకే గుంతలో కాళ్లు పెట్టి, ఒకే చీర మీద చేతులాడిస్తూ కూర్చుంటే ఒకరి ఊపిరి ఒకరికి తెలుస్తుంది. ఆమె అలసిపోతే అతను అడ్డపోగు పోసే నాడెను విసరడం నెమ్మది చేసేవాడు. అతను పరధ్యానంలో పడితే ఆమె మోచేత్తో తట్టేది. ఒక ఏడాది అట్లా గడిచింది.

ఆ వానాకాలంలో నాగక్క తండ్రిని కంటి పరీక్షకు కర్నూలు తీసుకుపోయింది. ముసురు పట్టి మగ్గం గుంతలో నీరు ఊరింది, ఆ రోజు పని లేదు. ఆ మాట చెప్పడానికే ఓబులేష్ గొడుగు వేసుకుని రాజేశ్వరి గదికి పోయాడు. ఆమె తలుపు తీసి, తడిసినావు, లోపలికి రా అంది. టీ పెట్టింది. తర్వాత జరిగింది ఇద్దరూ ఎప్పటినుంచో కోరుకుంటున్నదే. అయితే ఆమె అతన్ని ఒక్క క్షణం ఆపి, పెట్టె అడుగునుంచి నిరోధ్ తీసి చేతిలో పెట్టింది. ఇది లేకుండా మాత్రం వద్దు అంది. కడుపు వస్తుందని భయం కాబోలు అనుకున్నాడు ఓబులేష్. ఇంటికి తిరిగి వస్తూ వానలో గొడుగు తెరవడం కూడా మరచిపోయాడు.

ఆ ఒక్కసారే. మళ్లీ అతను ఆ గదికి పోలేదు. దొంగచాటుగా పోవడం అతనికి ఇష్టం లేకపోయింది. పెళ్లి చేసుకోవాలని నిశ్చయించుకున్నాడు. కొన్ని వారాలు ఆ మాట నోట్లోనే తిప్పుకుని, చివరికి ఒక మధ్యాహ్నం, తండ్రి అరుగు మీద నిద్రపోతుండగా, మగ్గం మీదే అడిగేశాడు.

"నాయనతో మాట్లాడతా. మనం పెండ్లి చేసుకుందాం."

రాజేశ్వరి చేతులు ఆగిపోయాయి.

"నీకొగ మాట చెప్పల్లప్పా. ముందే చెప్పల్సింది, ధైర్యం చాల్లేదు," అంది. "మా ఆయన పోయింది హెచ్ఐవీతోనే. నాకూ ఉండాది."

ఆమె గొంతు తగ్గించి చెప్పుకుంటూ పోయింది. భర్త ఆసుపత్రిలో పడ్డప్పుడు తనకు పరీక్ష చేస్తే బయటపడిందట. కూతురికి మాత్రం లేదని తేలింది. అప్పటినుంచి రోజూ మాత్ర వేసుకుంటోంది. నెలనెలా కర్నూలుకు పోయేది ఆ మందుల కోసమే. మందు క్రమంగా పడటం వల్ల రక్తంలో ఆ పురుగు పరీక్షకు కూడా దొరకనంత తగ్గిపోయిందనీ, అట్లా ఉన్నవాళ్ల నుంచి పక్కవాళ్లకు అంటదనీ డాక్టర్లు చెప్పారు. అయినా ఆ మాటనొక్కదాన్నే నమ్ముకోకుండా ఆ రోజు అంత జాగ్రత్త పడింది.

"నీకేం కాదప్పా," అంది. "నిన్ను ఆపదలో పెట్టేదాన్నయితే నేను ఆ పొద్దు తలుపే తీసిండను."

కానీ ఓబులేష్ చెవికి ఆ మొదటి మాట తర్వాత మరేదీ ఎక్కలేదు. పోగు తెగినప్పుడల్లా ఇద్దరూ నాలుక మీద తడిపి అతికేవాళ్లు. ఆమె తడిపిన పోగును అతను, అతను తడిపినదాన్ని ఆమె. అతని కళ్లు ఆ పోగుల మీదే ఉన్నాయి. కాసేపటికి గుంతలోంచి లేచి పెరట్లోకి పోయాడు. తొట్టి దగ్గర నిలబడి నోరు పుక్కిలించాడు. ఒకసారి కాదు, ఎన్నో సార్లు. ఆ నీళ్ల చప్పుడు మగ్గం దాకా వినపడుతుందని అతనికి తోచనే లేదు. తిరిగి వచ్చేసరికి రాజేశ్వరి వెళ్లిపోయింది.

మర్నాడు ఆమె మామూలు వేళకే వచ్చింది. ఓబులేష్ గడపలోనే నిలబడి, పట్టు రాలేదు, కొన్నాళ్లు పని లేదు, వచ్చినాక కబురు పెడతానన్నాడు. అతని వెనక గోడకు కొత్త పట్టు పోగుల చిలపలు వేలాడుతున్నాయి. ఆమె వాటిని చూసింది, అతని ముఖం చూసింది. సరేప్పా అని వెనక్కు తిరిగింది.

ఆ రోజునుంచి ఓబులేష్‌కు అన్నం సయించలేదు. పొద్దున లేవగానే అద్దం ముందు నాలుక చాపి చూసుకునేవాడు. మెడ కింద బిళ్లలున్నాయేమోనని తడుముకునీ తడుముకునీ ఆ చోట నొప్పి తెప్పించుకున్నాడు. ఆ నొప్పినే జబ్బు గుర్తు అనుకునేవాడు. ఒళ్లు వెచ్చగా ఉందేమోనని గంటకోసారి నుదురు ముట్టుకునేవాడు. సెల్‌ఫోనులో ఆ జబ్బు గురించి వీడియోలు చూసేవాడు. ఒక డాక్టరు ఏం భయం లేదంటే, ఇంకొకడు పదేళ్లకు కూడా బయటపడొచ్చనేవాడు. మొదటివాడి మాట ఒకసారి విని వదిలేసేవాడు, రెండోవాడిది మళ్లీ మళ్లీ పెట్టుకుని వినేవాడు. నిజంగానే బరువు తగ్గాడు. తినకపోతే ఎవరైనా తగ్గుతారు. కానీ అతనికి అదీ ఒక గుర్తుగానే కనపడింది.

తన పళ్లెం, తన లోటా వేరు పెట్టుకున్నాడు. తండ్రికి వారానికోసారి గడ్డం గీసేవాడు, అది మానేశాడు. గాటు పడితే తన రక్తం ఆయనకు తగులుతుందని భయం. రామలింగప్ప నెరిసిన గడ్డంతో అరుగు మీద కూర్చుని, కొడుకు అడుగుల చప్పుడు ఎటు పోతే అటు ముఖం తిప్పేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

"నా మీద ఏమన్నా కోపమారా? రాజమ్మను ఎందుకు మాన్పిస్తివి?"

పట్టు రాలేదు నాయనా అన్నాడు ఓబులేష్.

కోడుమూరులో పరీక్ష చేయించుకునే ధైర్యం లేదు, అక్కడ లాబులో పనిచేసేవాడు ఎరిగినవాడే. కర్నూలు పెద్దాసుపత్రికి పోయి, ఎదురుగా టీ బంకు దగ్గర కూర్చుని, లోపలికి పోలేక రెండుసార్లు తిరిగి వచ్చాడు. మూడోసారి మాత్రం పోయాడు. అక్కడ కౌన్సెలరు ఉమామహేశ్ అనే నడివయసు మనిషి. తలుపు మూసి, కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, జరిగింది చెప్పమన్నాడు. ఓబులేష్ తలవంచుకుని చెప్పాడు. నిరోధ్ చిరిగిందా, జారిందా అని అడిగాడాయన. లేదన్నాడు. ఆమె మందులు వాడుతోందా? వాడుతోందన్నాడు. పోగులు తడపడం గురించీ, తండ్రికి గడ్డం గీయడం గురించీ కూడా అడిగాడు ఓబులేష్. ఉమ్మితో రాదని ఉమామహేశ్ చెప్పాడు. ఒకే పళ్లెంలో తిన్నా రాదు, పక్కన కూర్చున్నా రాదు, మీ నాయనకు గడ్డం గీస్తే అంతకన్నా రాదు. మీరు చెప్పినదాన్నిబట్టి మీకు ఇది సోకే అవకాశం లేనట్టే అన్నాడు.

రక్తం తీసుకున్నారు. లేదని వచ్చింది. మనసు కుదుటపడటానికి ఇంకొన్ని వారాల తర్వాత మరోసారి చేయించుకొమ్మన్నాడు ఉమామహేశ్. లేచి వస్తుంటే ఆపి ఇంకో మాట చెప్పాడు.

"ఆమె పేరు నేను అడగలేదు, గమనించారు కదా. మీరు కూడా ఎవరి దగ్గరా ఎత్తొద్దు. బయటపెట్టడం చట్టరీత్యా తప్పు. దానికన్నా, ఆమె మిమ్మల్ని నమ్మి చెప్పుకున్న మాట అది."

ఓబులేష్ తలూపాడు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే చాలాకాలానికి ఆకలి వేసింది. కానీ బస్సు కోడుమూరు చేరేలోపే ఆ ధైర్యం కరిగిపోయింది. ఇంకోసారి చేయించుకొమ్మన్నాడంటే ఆయనకే నమ్మకం లేదేమో. నా రక్తం సీసా ఇంకొకరిదానితో మారిందేమో. ఆ వారంలోనే చుట్టాల పెళ్లని చెప్పి కడపకు పోయాడు. అక్కడ తన ముఖం ఎవరికీ తెలియదు. ఒక ప్రైవేటు లాబులో పరీక్ష చేయించాడు. అక్కడా లేదన్నారు. ఆ కాగితం చింపి కడప బస్టాండులోనే పారేశాడు. ఇంటికి వచ్చాక, కాగితంలో అంకె సరిగా చూశానా లేదా అని మళ్లీ మొదలైంది.

తమ్ముడు ఎండిపోతుండటం నాగక్క చూస్తూనే ఉంది. ఒకరోజు సజ్జ రొట్టెలు తెచ్చి, వంటింట్లో వేరుగా బోర్లించిన పళ్లెం చూసి, దాన్ని చేతిలో పట్టుకుని మగ్గం దగ్గరికి వచ్చింది.

"ఏందిరా ఇది? నీకేమైనాది? నాకన్నా చెప్పు."

తల్లిలాంటి మనిషి అట్లా అడిగేసరికి ఓబులేష్ ఏడ్చేశాడు. అన్నీ చెప్పాడు. ఉమామహేశ్ మాట గుర్తుకు రాకపోలేదు. కానీ ఎన్నాళ్లుగానో లోపల మోస్తున్నది ఒకరి ముందు దించుకోకపోతే చచ్చిపోతాననిపించింది. ఎవరికీ చెప్పొద్దక్కా అని మాత్రం అన్నాడు. నాగక్క అతని తల నిమిరింది, తనూ ఏడ్చింది. చెప్పనని ఒట్టేసింది.

నాగక్క చెడ్డ మనిషి కాదు. కానీ తమ్ముడు చచ్చిపోతాడని భయపడింది. ఆ భయం ఇంటికి పోయేలోపే కోపమైంది. అట్లాంటి మనిషి మా ఇంట్లో అన్నం తిన్నదే, మా నాయన కండ్లలో మందేసిందే అని కుమిలిపోయింది. మర్నాడు కృష్ణవేణమ్మ దగ్గరికి పోయి, నీ ఇంట్లో ఉండే మనిషి సంగతి నీకు తెలుసా అని మొదలుపెట్టింది. కృష్ణవేణమ్మ మనవలు ఆ పెరట్లోనే ఆడుకుంటారు. ఆమె ఇంకెవరితోనో అంది. కొళాయి దగ్గర ఆడవాళ్లు రాజేశ్వరి బిందె పెట్టే చోటునుంచి తమ బిందెలు తీసుకున్నారు.

ఒక ఉదయం కృష్ణవేణమ్మ గది తాళం మార్చేసింది. రాజేశ్వరి సామాను బయట పడింది. ఒక పెట్టె, స్టవ్వు, చాప, వంట గిన్నెలు. గదిలో బకెట్లతో నీళ్లు కొట్టి బ్లీచింగ్ చల్లిస్తున్నారు. ఆ వాసన రెండు వీధుల అవతలికి కూడా వచ్చింది. ఆడవాళ్ల గొంతులు పెద్దవయ్యాయి.

రామలింగప్ప చెవి నిక్కించి, అది రాజమ్మ ఉండే ఇల్లు కదా, ఏమైనాదో పోయి చూడురా అన్నాడు. ఓబులేష్ మగ్గం గుంతలో కూర్చునే ఉన్నాడు. చేతిలో నాడె ఉంది గానీ విసరడం లేదు. పోతానంటూనే పోలేదు. తను పోతే వాళ్లంతా తనవైపు తిరుగుతారు. నీకూ అంటుకుందా అంటారు. ఆ మాట వినే శక్తి తనకు లేదనుకున్నాడు.

కొంతసేపటికి వీధిలో అడుగుల చప్పుడు. బస్టాండుకు పోవాలంటే ఓబులేష్ ఇంటి ముందునుంచే దారి. పెట్టె నెత్తిన, సంచి చేత్తో రాజేశ్వరి వస్తోంది. అడుగును బట్టే గుర్తుపట్టి రామలింగప్ప పిలిచాడు.

"రాజమ్మా, యాడికి పోతాండావు తల్లీ?"

ఆమె నిలబడింది. తలుపు తెరిచే ఉంది. లోపల మగ్గం వెనక మనిషి ఆమెకు కనపడకుండా ఉండడు.

"ఊరికి పోతాండా పెద్దాయనా. కండ్లలో మందు మరిచిపోవద్దు. పొద్దున రెండు చుక్కలు, మాపటేల రెండు," అంది.

ఆయన ఇంకేదో అడిగేలోపే కదిలిపోయింది. ఓబులేష్ తల ఎత్తలేదు. ఆమె ఒక్క తిట్టు తిట్టినా బాగుండేదని ఆ తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు.

చివరి పరీక్షకు కర్నూలు పోయిననాడు ఎండలు మొదలయ్యాయి. ఉమామహేశ్ ఫలితం చూసి నవ్వాడు. మీకు ఏమీ లేదు, ఇంక ఏ పరీక్షా అక్కరలేదు, హాయిగా ఇంటికి పోయి కడుపునిండా తినండి అన్నాడు. ఓబులేష్ కదల్లేదు. ఏమిటి, ఇంకా నమ్మకం కుదరలేదా అని ఆయన అడిగాడు. కుదిరింది సార్ అన్నాడు ఓబులేష్. ఈసారి నిజంగానే కుదిరింది. భయం పోయాక ఆ చోట ఏముందో అప్పుడే మొదటిసారి కనపడింది. తను అక్కకు చెప్పిందీ, ఆ ఉదయం జరిగిందీ ఏడుస్తూ చెప్పాడు.

ఉమామహేశ్ ముఖంలో నవ్వు పోయింది. కోప్పడతాడేమో అనుకున్నాడు ఓబులేష్, ఆయన కోప్పడలేదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇట్లా ఊరు విడిచిన వాళ్లకు చాలామందికి మందులు ఆగిపోతాయి. ఆగితే ప్రమాదం," అన్నాడు. "మీకు ఎక్కడైనా కనపడితే ఒక్క మాట చెప్పండి. ఏ ఊర్లో ఉన్నా మందులు ఇప్పించే ఏర్పాటు ఉంది. మానొద్దని చెప్పండి."

ఓబులేష్ ఆ సాయంత్రం ఇంటికి పోయి తండ్రికి గడ్డం గీశాడు. నాగక్కకు పరీక్ష సంగతి చెప్పాడు. ఆమె దేవుడికి దండం పెట్టుకుంది. తర్వాత, మరి ఆ మనిషి చెప్పింది నిజమేనన్నమాట అంది మెల్లగా. ఔనక్కా అన్నాడు. నాగక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది.

రాజేశ్వరిని వెతకడానికి అతను ముందు నందికొట్కూరుకు పోయాడు. ఆమె అన్న ఇల్లు పట్టుకున్నాడు. ఆ అన్న తలుపు సగమే తీసి, మా ఇంటికి రాలేదు, వచ్చినా ఉంచుకునేది లేదు అని మూసేశాడు. సంగతి అక్కడికీ చేరిందని అర్థమైంది. ఇంక మిగిలింది కూతురి బడి. పిల్లలను చూడటానికి ఆదివారాల్లోనే రానిస్తారని తెలుసుకుని ఆత్మకూరుకు పోయాడు.

గేటు బయట తల్లిదండ్రులు చాలామంది చెట్ల కింద, గోడ నీడన పిల్లల చుట్టూ కూర్చుని టిఫిన్లు విప్పుతున్నారు. వాళ్లలో రాజేశ్వరి కనపడింది. బాగా చిక్కిపోయింది. కూతురికి తల దువ్వుతోంది. తల్లి ఏదో అంటే ఆ పిల్ల నవ్వుతోంది. ఓబులేష్ దగ్గరికి పోకుండా దూరంగా నిలబడ్డాడు. గంట కొట్టి పిల్లలంతా లోపలికి పోయాక, ఆమె ఖాళీ క్యారియరు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది. అతన్ని చూసి ఆగింది. చుట్టూ ఒకసారి చూసి, గోడ పక్కగా నడిచి, మనుషులు లేని చోట నిలబడింది.

ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. కానీ నోటినుంచి ముందు వచ్చిన మాట వేరు.

"నాకేం ల్యా అని తేలిపాయ," అన్నాడు.

"నాకు తెల్సు," అంది రాజేశ్వరి.

అతనికి ఆ క్షణంలో భూమిలోకి పోవాలనిపించింది. మందులు తింటున్నావా అని అడిగాడు. ఊరు విడిచాక ఉండటానికి చోటు లేక కొన్నాళ్లు తప్పిపోయాయనీ, జ్వరంతో ఆసుపత్రిలో పడ్డాననీ, ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాననీ చెప్పింది. ఒక జాకెట్లు కుట్టే కొట్టులో కుదిరింది. ఆ కొట్టు వెనకే పడుకుంటోంది. ఓబులేష్ తప్పయిపోయిందన్నాడు. తిరిగి రమ్మన్నాడు. అక్కడికి రావడం ఇష్టం లేకపోతే తనే మగ్గం అమ్మేసి ఈ ఊరు వస్తానన్నాడు. ఆమె అతను చెప్పేదంతా విన్నది.

"నువ్వు భయపడినావని నాకు కోపం ల్యాప్పా. ఆసుపత్రోళ్లు నాకు చెప్పిన పొద్దు నేను నా బిడ్డను కూడా ఎత్తుకోల్యా. ఆ భయం నాకు తెల్సు. నువ్వు భయపడి నా ఇంటికొచ్చి నన్ను తిట్టింటే, కొట్టింటే పడుంటి." కొంచెం ఆగింది. "నా మాటను తీస్కపోయి మీ అక్క చేతిలో పెట్టినావు. పెట్టేటప్పుడు నా మొగం ఒగసారన్నా గుర్తుకు రాల్యా?"

వచ్చిందని చెప్పలేడు, రాలేదనీ చెప్పలేడు.

"పెద్దాయనకు చూపు ఎట్లుండాది?" అని అడిగింది.

"పూర్తిగా పాయ. నీ గురించే అడుగుతాంటాడు."

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. కళ్లు తుడుచుకుందో, చెమట తుడుచుకుందో అతనికి తెలియలేదు. మళ్లీ తిరిగినప్పుడు గొంతు గట్టిగానే ఉంది.

"ఇంగ నువ్వు ఈడికి రావద్దు. కోడుమూరు మనిషి వచ్చిపోతాంటాడంటే ఎవరన్నా ఆరా తీస్తారు. నా బిడ్డకు ఇంకా నేను చెప్పల్యా. కొంచెం పెద్దయినాక నా నోటితో నేనే చెప్పుకోవల్ల. ఊరోళ్ల నోట్లోనుంచి అది వినగూడదు." క్యారియరు ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుంది. "నేను ఈడుండానని ఎవరికీ చెప్పొద్దు. మీ అక్కకు వద్దు. పెద్దాయనకు కూడా వద్దు. నిన్ను నేను అడిగేది అంతే."

సరే అన్నాడు ఓబులేష్. ఆమె నడిచి వెళ్లిపోయింది. వెనకే పోదామని ఒక్క అడుగు వేసి, చెప్పిన మాట గుర్తుకు వచ్చి నిలిచిపోయాడు. ఏ సందులోకి తిరిగిందో కూడా చూడకుండా బస్టాండు వైపు తిరిగాడు.

ఇంటికి చేరేసరికి నాగక్క అరుగు మీదే కూర్చుని ఎదురుచూస్తోంది. యాడన్నా కనపడెనా అని అడిగింది. కనపడితే ఆమె కాళ్లు పట్టుకుంటానంది, ఆ మాట మనసులోంచే అంది. ఓబులేష్ లేదన్నాడు. ఆత్మకూరులో కూడా లేదా? బడి మార్పించినట్టుందక్కా, ఎవరికీ తెలియదన్నారు అని చెప్పాడు. నాగక్క తల పట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చుంది.

రామలింగప్ప మంచం మీదనుంచి అంతా విన్నాడు.

"నువ్వు సరిగ్గా వెతికింటావని నాకు నమ్మకం ల్యా," అన్నాడు. "ఒంటి మనిషి, యాడికని పోతుంది? మళ్లా ఆదివారం పోయి చూడురా."

"పోతా నాయనా," అన్నాడు ఓబులేష్.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి కర్నూలు పోయాడు. తుంగభద్ర ఒడ్డున మెట్ల మీద కూర్చున్నాడు. నదిలో నీళ్లు తక్కువ, బండలు తేలి ఉన్నాయి. ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. ఎండ దిగేదాకా కూర్చుని, బస్సెక్కి ఇంటికి వచ్చి, లేదు నాయనా, ఈసారి ఎమ్మిగనూరు దాకా పోయినా, యాడా కనపడల్యా అన్నాడు. పోనీలే, వచ్చే వారం పత్తికొండ పక్క చూడు అన్నాడు ఆ ముసలాయన.

వచ్చే ఆదివారం కూడా అతను ఆ మెట్ల దగ్గరికే పోయాడు.